వద్దన్నవాడే చెప్పిరావాలి

కోటబొమ్మాళి సంతలో ఎవరినైనా ఆపి జగన్నాధం ఇల్లెక్కడని అడిగితే "మైకు జగన్నాధమేనా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. నిజానికి అతను మైకు పట్టుకున్నది తక్కువ. దాంతో పని లేదు గనకే ఆ పేరు. కూలి రేట్ల కోసమో, కాలవ నీటి కోసమో, పింఛను తెగిపోయిన ముసలిదాని కోసమో తహసీల్దారు ఆఫీసు ముందు నిలబడి గొంతెత్తాడంటే రైల్వే స్టేషన్లో బండి కోసం చూస్తున్నవాళ్లకి కూడా సంగతేమిటో తెలిసిపోయేదట. ఇందులో కొన్ని కోతలు ఉంటే ఉండొచ్చు గాని, ఆ గొంతుకి జడిసి ఆ పూటకి సెలవు పెట్టేసిన అధికారులున్న మాట మాత్రం వాస్తవం.

అతని ఊరు తంపరవలస. ఉన్న కాస్త మడిలో వరి వేస్తాడు, మెట్టలో ఉలవలు చల్లుతాడు. మీసం రాకముందే ఎర్రజెండా పట్టాడు, మీసం నెరిసేసరికి పార్టీ మండల కార్యదర్శి అయ్యాడు. మధ్యలో ఏమీ వెనకేసుకోలేదు, వెనకేసుకోనందుకు ఏడవనూ లేదు. భార్య తవిటమ్మ మాత్రం "ఈ మనిసికి గొంతు తప్ప ఏటీ నేదు" అని నలుగురిలో దెప్పేది. అదీ నిజమే. అతని విద్యంతా గొంతులోనే ఉంది. కమిటీ గదిలో నలిగి నీరసించి బయటపడిన తీర్మానాన్ని అతని చేతికిస్తే చాలు, పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన అన్నంలా జనం ముందు పెట్టేవాడు. దాన్ని ఎవరు వండారన్న అనుమానం తినేవాళ్లకి వచ్చేదే కాదు.

తంపరవలస మిలట్రీ ఊరు. రెండిళ్లకొకడైనా సైన్యంలో ఉంటాడు. రిటైరై వచ్చిన హవల్దారు నూకయ్య పొద్దున్నే కుర్రాళ్లని రోడ్డు మీద పరిగెత్తిస్తాడు. ఆ కుర్రాళ్ల తండ్రులే మధ్యాహ్నానికి జగన్నాధం వెనక జెండా పట్టుకుని నడుస్తారు. గోడ మీద యూనిఫారం ఫోటోకీ, గడప పక్కన ఎర్రజెండా కర్రకీ ఆ ఊళ్లో ఎప్పుడూ పేచీ రాలేదు. ఎందుకొస్తుంది? రెండూ కూటి కోసమూ, కాస్త మర్యాద కోసమూ పట్టుకున్నవే.

జగన్నాధం మేనల్లుడు దేవేంద్ర కూడా మిలట్రీలోనే ఉన్నాడు. అతని తల్లి లక్ష్మణమ్మ జగన్నాధానికి ఒక్కగానొక్క చెల్లెలు. ఆమెను ఉద్దానం ఇచ్చారు. కొబ్బరితోటల మధ్య చల్లటి ఊరు. ఆ చల్లటి ఊళ్లోనే కిడ్నీలు పాడై ఆమె భర్త పోయాడు. పసివాణ్ని చంకనేసుకుని అన్న దగ్గరికి వచ్చేస్తే, తన ఇంటి పక్కనే రెండు గదులు లేపి ఇచ్చాడు. దేవేంద్రని భుజాల మీద ఎక్కించుకుని మేడే ఊరేగింపుల్లో తిప్పింది జగన్నాధమే. వాడు పెద్దయ్యాక మిలట్రీ సెలక్షన్లకి తీసుకెళ్లి గేటు బయట ఎండలో కాచుకున్నదీ జగన్నాధమే. వాడికి ఉద్యోగం వచ్చిన సంతోషం ఇంకా చల్లారకుండానే లక్ష్మణమ్మ కాళ్లు వాచాయి. మొగుణ్ని తీసుకుపోయిన జబ్బే ఆమెనీ పట్టుకుంది.

అప్పట్నుంచి వారానికి రెండుసార్లు ఆమెను డయాలసిస్ కోసం టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లడం జగన్నాధం పని. మీటింగులు వాయిదా వేశాడు గాని టెక్కలి ప్రయాణం ఏనాడూ వాయిదా వేయలేదు. మిషను మీద నుంచి లేచాక ఆమెకు కళ్లు తిరుగుతాయి. ఆటో కుదుపులు పడవు. అందుకని తన మోటారు సైకిలు వెనక కూర్చోబెట్టుకుని, మెడలో ఉన్న ఎర్ర తువ్వాలు తీసి ఇద్దరి నడుములకీ కలిపి ముడేసేవాడు. హైవే మీద ఎంత పెద్ద లారీ పక్కనుంచి పోయినా లక్ష్మణమ్మ బెదిరేది కాదు. అన్న వీపు మీద తల వాల్చి కొడుకు ఊసులే చెప్పేది.

"అక్కడ సలంట అన్నా. సెవులు తిమ్మిరెక్కిపోతన్నాయంట. ఉలెన్ టోపీ ఒకటి పంపాల."

"పంపుదాం లచ్చువమ్మా. టెక్కలిలో కొందాం."

"మన టెక్కలి టోపీ ఆ సలికి ఆగతాదేటి?" అని తనే నవ్వేది.

అలా సాగిపోతున్న రోజుల్లో బడ్జెట్ వచ్చింది. దేశ రక్షణ ఖర్చు మళ్లీ పెరిగింది. దాన్ని తగ్గించాలనీ, ఆయుధాల కొనుగోళ్లకు పోసే సొమ్ము ఆసుపత్రులకీ బడులకీ మళ్లించాలనీ ఊరూరా ప్రచారం చేయమని పై కమిటీ పిలుపిచ్చింది. పై కమిటీ వాళ్లకి తంపరవలస ఎక్కడుందో తెలియదు. తెలియకపోవడం వాళ్ల నేరమూ కాదు. శ్రీకాకుళం ఆఫీసులో జిల్లా కమిటీ కూర్చుంది. జిల్లా కార్యదర్శి నారాయణమూర్తి తీర్మానం చదివాడు. ఆయన బొబ్బిలి మనిషి, పెళ్లీ పెటాకులూ లేకుండా పార్టీ ఆఫీసులోనే ముసలివాడైపోయినవాడు. ఆయన్ని చెడ్డవాడని ఎవరూ అనలేరు.

చదవడం అయ్యాక జగన్నాధం లేచాడు.

"కామ్రేడ్స్, ఇందులో మాట తప్పని నేననను. కానీ మా ఊళ్లో దీన్ని ఇలగే సెబితే మిలట్రీ కుర్రోళ్ల తల్లులకి ఒక్కటే వినిపిస్తాది. మీ పిల్లల సేతిలో తుపాకీ లాగేస్తామంటన్నారని. మిలట్రీలో ఇప్పుడిస్తన్న నాలుగేళ్ల కొలువుల గురించి మాటాడదాం. పింఛన్ల గురించి మాటాడదాం. ఆయుధాల ఊసు ఇప్పుడొద్దు."

"జనం వెనక నడవడం కాదు కామ్రేడ్, పార్టీ అన్నాక ముందు నడవాలి" అన్నాడు నారాయణమూర్తి.

"ముందే నడుద్దాం. తీరా ఎనక్కి తిరిగి సూసుకుంటే ఎవుడూ ఉండడు."

ఎవరో నవ్వారు. ఓటు పెట్టారు. వద్దని చెయ్యెత్తినవాడు జగన్నాధం ఒక్కడే. తీర్మానం నెగ్గింది.

ఇక్కడ బయటివాళ్లకి వింతగా తోచే సంగతి ఒకటుంది. ఆ పార్టీలో కమిటీ గదిలో ఎవరేమన్నారో గది దాటి పోకూడదు. ఓడినవాడు కూడా బయటికొచ్చాక నెగ్గినవాడి మాటే చెప్పాలి. అంతవరకూ అన్నిచోట్లా ఉన్నదే. ఆ జిల్లాలో దానిమీద ఇంకో వాడుక కూడా ఉంది, ఎక్కడా రాసిపెట్టింది కాదు, పెద్దల కాలం నుంచి వస్తున్నది: వద్దన్నవాడే ముందుగా వెళ్లి చెప్పిరావాలి. శిక్షగా కాదు. మనసులో పట్టింపు మిగలకుండా ఉంటుందని. "తంపరవలస సభలో కామ్రేడ్ జగన్నాధం మాట్లాడతారు" అని నారాయణమూర్తి ఆప్యాయంగానే అన్నాడు. జగన్నాధం సరేనన్నాడు. మరోలా అనడం అతనికి చేతకాదు.

పాలకేంద్రం ముందు సభ పెట్టారు. అన్న మీటింగంటే లక్ష్మణమ్మ ఎప్పుడూ ముందు వరసలోనే కూర్చుంటుంది, చప్పట్లు మొదలెట్టేది కూడా ఆమే. ఆ వేళా అలాగే కూర్చుంది. ఏదో మొక్కుబడిగా నాలుగు మాటలు చెప్పి దిగిపోదామనే జగన్నాధం లేచాడు. గొంతు అతని మాట వినలేదు. రెండో వాక్యానికే ఊపందుకుంది. ఉద్దానం గురించి మొదలెట్టాడు, తోటల మధ్య ఖాళీ అయిపోతున్న ఇళ్ల గురించి చెప్పాడు, ముందు వరస వైపు చెయ్యి చాపాడు.

"అదిగో, మా లచ్చువమ్మని సూడండి! ఆ మిషను ముందే మన ఊళ్ల కాడికి వచ్చుంటే మా బావ బతికుండేవోడు కాడా? ఒక్క యుద్ధ విమానం కొనే సొమ్ముతో ఎన్ని ఆసుపత్రులు లేపొచ్చో మీరే లెక్కేసుకోండి. ఆయుధాలకి పోసేది తగ్గించండి, మా ఆడపడుసుల పేనాలు నిలబెట్టండి అని అడుగుతన్నాం!"

బావ పేరెత్తినప్పుడు అతని కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. జనంలో కొందరు కళ్లొత్తుకున్నారు కూడా. అప్పుడు వెనకనుంచి హవల్దారు నూకయ్య లేచాడు.

"జగన్నాదం, ఒక్కటి సెప్పు. నీ మేనల్లుడు కొండ మీద కాపలా ఉన్నాడు. అటుపక్క నుంచి గుండొస్తే ఆసుపత్రిని అడ్డం పెట్టుకుంటాడా?"

అలాంటి ప్రశ్నకి ఏం చెప్పాలో పై కమిటీ ముందే ఆలోచించి పెట్టింది. జగన్నాధం దాన్ని పొల్లు పోకుండా చెప్పాడు, బాగానే చెప్పాడు. చెప్పడం పూర్తయ్యేసరికి ముందు వరసలో లక్ష్మణమ్మ లేదు.

తరవాతి టెక్కలి ప్రయాణంలో ఆమె బండెక్కింది గాని అన్న వీపు మీద తల వాల్చలేదు. తువ్వాలు ముడి వేస్తుంటే మాత్రం ఒక మాట అంది. "నన్ను సూపించి నా కొడుకు మీద మాటాడినావు అన్నా." జగన్నాధం వినబడనట్టు కిక్కు కొట్టాడు.

ఎండలు ముదిరాక సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ టీవీ పొద్దస్తమానం మోగుతూనే ఉంది. దేవేంద్ర ఫోను ఆగిపోయింది. వాడొక్కడిదే కాదు, ఆ వైపున్న కుర్రాళ్లెవరివీ మోగడం లేదు. ముందు పోస్టుల్లో ఫోన్లు తీసేసుకుంటారని నూకయ్య ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చాడు. తల్లులు తలూపారు, మళ్లీ అదే నంబరు నొక్కారు. పాలకేంద్రం ముందున్న ఎర్రజెండా దిమ్మ మీద నుంచి కర్ర ఎవరో పీకేశారు. పారేయలేదు, చింపలేదు. తెచ్చి జగన్నాధం ఇంటి గోడకి నిలబెట్టి పోయారు. బూతులు తిట్టి ఉంటే అతనికి అంత బాధ ఉండేది కాదు.

ఆ వారం డయాలసిస్ రోజున జగన్నాధం బండి తీసి చెల్లెలి గుమ్మం ముందు ఆపాడు. లక్ష్మణమ్మ అరుగు మీద కూర్చునుంది, ఒళ్లో ఫోను పెట్టుకుని.

"లెగు లచ్చువమ్మా, ఎండెక్కిపోతాది."

"నీ బండెక్కను."

"ఏటి?"

"పాలకేంద్రం కాడ నిలబడి అన్నావు. అక్కడే నిలబడి తప్పయిపోనాదని అను. నా కొడుక్కి వినబడకపోయినా ఊరినాల. అప్పుడెక్కుతాను."

"అది పార్టీ మాటే తల్లీ. నా సేతిలో ఏటున్నాది?"

"నోరు నీదే కదా."

తవిటమ్మ వచ్చి గడ్డం పట్టుకుని బతిమాలింది. నూకయ్య ఆటో మాట్లాడి తెచ్చాడు. "ఇది మా అన్నకీ నాకూ మజ్జిన ఉన్న ఊసు. నువ్వు రాకు బావా" అని లక్ష్మణమ్మ ఆటోని తిప్పి పంపేసింది. మామూలుగా మెత్తటి మనిషే. కాని కొడుకు ఉన్నాడో లేడో తెలియని తల్లికి, చేతిలో పట్టుకోడానికి ఏదో ఒకటి కావాలి. ఆమె ఆ పంతాన్ని పట్టుకుంది. ఆ రోజు మిషను తప్పిపోయింది. ఆ తరవాతదీ తప్పిపోయింది. కాళ్ల వాపు మోకాళ్లు దాటింది, మొహం ఉబ్బింది, నాలుగు మాటలు కలిపి మాట్లాడితే ఆయాసం వస్తోంది.

వెళ్లి ఆ ఒక్క మాట అనేస్తే పోయేది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. తవిటమ్మ అదే అంది. అనడం కాదు, అరిచింది. "దాని పేనం కంటే నీ కమిటీ ఎక్కువేటయ్యా! ఒక్క మాట! తప్పంటే నాలిక తెగిపోద్దా?" అంటూ నెత్తి కొట్టుకుంది. జగన్నాధం గోడకి చేరబడి కూర్చున్నాడు. ఒక్క మాట పై కమిటీకి ఎదురు మాట్లాడినందుకు పార్టీలోంచి పోయినవాళ్లని అతను చూశాడు. వాళ్లని పంపించే తీర్మానాలకి తనే చెయ్యెత్తాడు. అసలు భయం అది కూడా కాదు. కమిటీ చెప్పకుండా జనం ముందు నిలబడి ఒక మాట అనడం అతను జన్మలో చేసి ఎరగడు. నోరు తెరిస్తే ఏమొస్తుందో అతనికే తెలియదు.

అందుకని అనుమతి అడగడానికి శ్రీకాకుళం వెళ్లాడు. చెల్లెలు చావుబతుకుల్లో ఉంటే క్షమాపణ చెప్పుకోడానికి అనుమతి! వింటే ఒళ్లు మండుతుంది. కాని అతనికి తెలిసిన దారి అదొక్కటే.

ఆఫీసులో నారాయణమూర్తి ఒక్కడే ఉన్నాడు. పది రోజుల్లో పదేళ్లు పైబడినవాడిలా ఉన్నాడు. విలేకర్ల ఫోన్లు మోగుతుంటే తీయడం లేదు.

"పరిస్థితి మారింది జగన్నాధం" అన్నాడు. "ఢిల్లీలో మనవాళ్లు కూడా సైన్యానికి మద్దతు ప్రకటించారు. బడ్జెట్ ప్రచారం ఆపేశాం. కానీ అది తప్పని ఎవరూ బయట అనకూడదు. సర్క్యులర్ వస్తుంది. అప్పటిదాకా మౌనంగా ఉండాలి."

"సర్క్యులర్ వచ్చేదాకా నా సెల్లెలు ఉండదు కామ్రేడ్. నాను ఆరోజు వద్దన్నానన్న సంగతైనా దానికి సెప్పుకోనియ్యండి. నా సెల్లెలికి ఒక్కదానికే. ఇంకెవలికీ సెప్పను."

ముసలాయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"రాష్ట్ర కమిటీలో ఈ తీర్మానం పెట్టినప్పుడు..." అని ఆగిపోయాడు. తల అడ్డంగా ఊపాడు. "వద్దులే. ఆ గదిలో ఎవరేమన్నారో బయట చెప్పకూడదు."

జగన్నాధానికి అర్థమైపోయింది. అక్కడ వద్దని చెయ్యెత్తిన మనిషే ఇక్కడికొచ్చి చదివాడు. ఇక్కడ వద్దన్న తను వెళ్లి తంపరవలసలో చెప్పాడు. ఈ నిచ్చెన మీద పైదాకా ఇలాంటివాళ్లు ఇంకెందరున్నారో! నవ్వొచ్చింది. నవ్వు మొదలెట్టాక అది ఏడుపైపోయింది. నారాయణమూర్తి లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు గాని, వెళ్లి చెప్పుకో అని మాత్రం అనలేదు.

మర్నాడు పొద్దున్న టీ కొట్టు దగ్గర నూకయ్య పేపరు చేతికిచ్చాడు. లోపలి పేజీలో చిన్న వార్త. రక్షణ ఖర్చుపై కొన్నిచోట్ల స్థానిక నాయకులు చేసిన వ్యాఖ్యలు వారి వ్యక్తిగతమనీ, వాటితో పార్టీకి సంబంధం లేదనీ ప్రకటన. కింద నారాయణమూర్తి పేరు. ఆ ప్రకటన కూడా ఇవ్వొద్దనే ఆయన అని ఉంటాడు, వద్దన్నాడు గనకే ఆయన చేతే ఇప్పించి ఉంటారు. జగన్నాధానికి కోపం కూడా రాలేదు. వ్యక్తిగతం! ఇన్నేళ్లలో అతనిదంటూ ఒక్క మాట లేదు. ఇప్పుడు అతనిది కాని మాటని అతని నెత్తిన రుద్దారు.

ఇంకెందుకు దాచడం అనుకున్నాడు. పరుగులాంటి నడకతో చెల్లెలింటికి వెళ్లాడు. తప్పు చేసింది అక్కడే. దారిలోనే పాలకేంద్రం ఉంది, దాని ముందు ఆగి ఆమె అడిగిన ఒక్క మాటా అనేసి ఉంటే సరిపోయేది. నిజం చెబితే క్షమాపణ కంటే ఎక్కువ పనిచేస్తుందని అతను నమ్మాడు.

లక్ష్మణమ్మ మంచం మీద దిండ్లకి చేరబడి ఉంది, పడుకుంటే ఊపిరాడటం లేదని. మొహం చూస్తే గుర్తుపట్టేలా లేదు. జగన్నాధం ఆమె కాళ్ల దగ్గర కూలబడి అంతా చెప్పేశాడు. తను లేచి ఏమన్నాడో, ఓటు ఎలా పోయిందో, వాళ్ల వాడుక ఏమిటో, అన్నీ. "నానొక్కణ్నే వద్దన్నాను లచ్చువమ్మా. గదిలో అంతమందిలో నానొక్కణ్నే" అన్నప్పుడు అతని గొంతులో ఎక్కడో కాస్త గర్వం కూడా పలికింది.

ఆమె తల అతని వైపు తిప్పింది.

"అయితే, అనకూడదని నీకు ముందే తెలుసు."

"తెలుసమ్మా."

"తెలిసే నన్ను సూపించి అన్నావు."

జగన్నాధం మంచం కోడు పట్టుకున్నాడు.

"నువ్వు నమ్మి అన్నావనుకున్నానన్నా" అంది, ఒక్కో మాటకీ ఊపిరి తెచ్చుకుంటూ. "మా అన్న పిచ్చోడు, ఎవలో సెప్పింది నమ్మేసినాడు, అనేసినాడు అనుకున్నాను. అందుకే అలిగాను. నమ్మినోడి మీదైతే అలగొచ్చు. మల్లీ కలిసిపోవచ్చు. ఇప్పుడు నాను ఎవలి మీద అలగాల?" మళ్లీ తనే అడిగింది. "అన్నా, ఇన్నాళ్లూ నువ్వు సెప్పిందాంట్లో నీ మాట ఏది?"

అతను వెతుక్కున్నాడు. కమిటీలో వద్దన్నది అబద్ధం కాదు. పాలకేంద్రం ముందు బావని తలుచుకున్నప్పుడు వచ్చిన కన్నీళ్లూ అబద్ధం కాదు. ఆసుపత్రులు కట్టమనడం తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. చలికొండ మీద మేనల్లుడి చేతిలో మంచి తుపాకీ ఉండాలని కోరుకోని రోజూ లేదు. ఇందులో తన మాట ఏదో అతనికి దొరకలేదు. ఎవరూ ఎప్పుడూ అడగలేదు గనక వెతికి పెట్టుకోలేదు. ఇంత పెద్ద గొంతున్న మనిషి, ఆ రెండు గదుల ఇంట్లో, చెల్లెలు అడిగినదానికి ఒక్క ముక్క చెప్పలేకపోయాడు.

"ఎల్లన్నా" అని లక్ష్మణమ్మ గోడ వైపు మొహం తిప్పుకుంది.

జగన్నాధం బయటికొచ్చాడు. ఎండలో చెప్పుల్లేకుండా పాలకేంద్రం దాకా పరిగెత్తాడు. అక్కడ మనిషన్నవాడు లేడు, కర్ర పీకేసిన ఖాళీ దిమ్మ తప్ప. ఆ దిమ్మెక్కి నిలబడ్డాడు.

"తప్పయిపోనాది!" అని అరిచాడు. "నానన్నది తప్పయిపోనాది! లచ్చువమ్మా, వినబడతన్నాదా! తప్పయిపోనాదమ్మా! బండెక్కు!"

స్టేషన్ దాకా వినిపించే ఆ గొంతు రెండో కేకకే చీలిపోయింది. బొంగురుగా, ఎవరిదో గొంతులా వచ్చింది. తలుపులు తీసి జనం బయటికొచ్చారు. ఎవరూ దగ్గరికి రాలేదు, ఎవరూ ఆపలేదు. అతను అరుస్తూనే ఉన్నాడు. అటునుంచి తవిటమ్మ జుట్టు విరబోసుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. లక్ష్మణమ్మకి స్పృహ లేదు.

నూకయ్య మళ్లీ ఆటో తెస్తే అందులో ఎక్కించారు. తవిటమ్మ ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. జగన్నాధం వెనకాలే తన మోటారు సైకిలు మీద బయల్దేరాడు. తువ్వాలు మెడలోనే ఉంది. టెక్కలి ఇంకా కనుచూపు మేరలోకి రాకుండానే ఆటో రోడ్డు పక్కకి తీసి ఆగింది. నూకయ్య దిగి ఇతని వైపు చూసి తల దించుకున్నాడు. జగన్నాధం బండి స్టాండు వేయడం మరిచిపోయి వదిలేశాడు. అది పక్కకి ఒరిగి పడిపోయింది.

సాయంత్రానికి నారాయణమూర్తి వచ్చాడు. లక్ష్మణమ్మ పార్టీ మహిళా సంఘంలో సభ్యురాలు గనక, కప్పడానికి ఎర్రజెండా మడత పెట్టి తెచ్చాడు. విప్పబోతుంటే తవిటమ్మ అడ్డం వచ్చి నిలబడింది.

"బతికుండగా దాన్ని సూపించి మాటాడినారు. సచ్చినాక కప్పి కూడా సూపిస్తారేటి? ఆ గుడ్డ దాని మీద పడితే ఒప్పుకోను."

ఆయన జెండాని మళ్లీ మడిచి, చంకలో పెట్టుకుని, శ్మశానం దాకా అందరి వెనకా నడిచాడు. కొడుకు ఊళ్లో లేడు గనక నిప్పు జగన్నాధమే పెట్టాడు. నూకయ్య తనకి తెలిసిన అధికారుల ద్వారా దేవేంద్ర యూనిట్‌కి కబురు పెట్టాడు. అందిందో లేదో తెలియలేదు.

ఆ తరవాత కాల్పులు ఆగాయని టీవీలో చెప్పారు. ఊళ్లో ఒక్కో ఇంట్లో ఫోను మోగడం మొదలైంది. మోగిన ఇంట్లోంచి ఏడుపూ నవ్వూ కలిసి వినిపించేవి. జగన్నాధం అరుగు మీద కూర్చుని వింటున్నాడు. అతను మనిషితో మాట్లాడి చాలా రోజులైంది. తవిటమ్మ పిలిచినా పలకడం లేదు.

పక్కనే తాళం వేసి ఉన్న లక్ష్మణమ్మ ఇంట్లో ఫోను మోగింది. ఛార్జింగు పెట్టి ఉంచింది తవిటమ్మే, ఎందుకు పెట్టావని ఎవరూ అడగలేదు. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. కాసేపటికి జగన్నాధం జేబులో ఫోను మోగింది.

"మావా! నానే! ఇప్పుడే మా ఫోన్లు మాకిచ్చినారు. అమ్మ ఎత్తటం నేదు. టెక్కలి ఎల్లినారేటి?"

జగన్నాధం అరుగు మీద నుంచి లేచాడు.

"నీ మీటింగు ఊసు ఇన్నాన్లే మావా. ఇటేపు గొడవ మొదలవకముందు అమ్మ ఫోన్లో నిన్ను తిట్టిపోసినాది, ఇంక నీ బండెక్కనన్నాది. నాను నవ్వినాను. మావ అన్నదాంట్లో తప్పేటమ్మా అన్నాను. ఇక్కడ యుద్దం ఎవుడికి కావాల? అమ్మకి మిషను దగ్గరలో ఉంటే నాకదే సాలు. అలగే సెప్పినాను. వినదు కదా! ఇంకా అలిగే ఉన్నాదా? ఒకపాలి దానికి ఫోనియ్యి మావా, నాను సెప్తాను. మావ మీద కోపం ఒగ్గీసి బండెక్కమని నాను సెప్తాను."

గొంతులో కుర్రతనం అలాగే ఉంది. వెనక గాలి హోరు, ఎవరో నవ్వుతున్న శబ్దం వినిపిస్తున్నాయి. తవిటమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఎవరో అర్థమై, కొంగు నోట్లో కుక్కుకుంది. జగన్నాధం రెండు చేతులతో ఫోను పట్టుకున్నాడు.

"మావా? వినబడతన్నాదా?"

"దేవేంద్రా" అన్నాడు జగన్నాధం. పాలకేంద్రం దగ్గర చీలిపోయిన గొంతు ఇంకా కలవలేదు. "మీయమ్మ నేదురా బావూ. నా బండెక్కనేదు."